పాత ప్రత్యర్థి గడప తొక్కిన నాయకుడు: ఆయన్ని నమ్ముకున్నవాళ్లు ఏం చూసుకోవాలి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ముందు చెప్తాను, తేడా ఉంటే సరిచేయండి. మీది కోనసీమలో ఒక ఊరు. మీ నియోజకవర్గంలో ఒకే పార్టీలో రెండు వర్గాలున్నాయి. నాన్నగారు ఇరవై ఏళ్లుగా మొదటి నాయకుడి మనిషి. గత ఎన్నికల్లో టికెట్ రెండో నాయకుడికి వెళ్లింది, ఆయనే ఇప్పుడు ఎమ్మెల్యే. మీ వర్గంలో కొందరు మనసు చంపుకుని పనిచేశారు, కొందరు ఇంట్లో కూర్చున్నారు. ఇప్పుడు మొదటాయన శాలువా, బొకే పట్టుకుని రెండో ఆయన ఇంటికి వెళ్లి, ఇకనుంచి అన్నయ్య మాటే నా మాట అని ప్రెస్ ముందు చెప్పారు. నాన్నగారికి ముందు ఒక్క ఫోన్ కూడా రాలేదు, వాట్సాప్‌లో ఫొటో చూసి తెలుసుకున్నారు. అప్పటినుంచి సెంటర్‌లోకి వెళ్లడం మానేశారు. 2021 సర్పంచ్ ఎన్నికలప్పుడు జరిగిన గొడవలో ఆయన మీద పెట్టిన కేసు ఇంకా నడుస్తోంది. ఇది ద్రోహమా, ఇప్పుడు నాన్నగారు ఏం చేయాలి అని అడిగారు.

నేను ఉభయగోదావరి జిల్లాల రాజకీయాలను విలేకరిగా చాలా ఏళ్లు రాశాను. ఇలాంటి శాలువాలు చాలా చూశాను, వాటి వెనకాల మీ నాన్నగారిలాంటి వాళ్లు పడ్డ బాధ కూడా చూశాను. నా అభిప్రాయం ఇది. ఆయన పాత ప్రత్యర్థితో కలవడం ద్రోహం కాదు. తన కోసం కేసులు మోసిన మనుషుల సంగతి తేల్చకుండా కలవడం మాత్రం తప్పే, అది చిన్న తప్పు కూడా కాదు. అందుకే ఆయన ఎందుకు వెళ్లాడన్న దానిమీద ఎక్కువ రాత్రులు పాడుచేసుకోవద్దు. తన వెంట ఎవరెవరిని తీసుకెళ్లాడు, ఎవరిని గుమ్మం బయట వదిలేశాడు అన్నది చూడండి.

ముందు చట్టం సంగతి చెప్పేస్తాను, ఎందుకంటే ఫిరాయింపుల చట్టం కింద ఏమైనా చేయొచ్చా అని కూడా అడిగారు. ఏమీ చేయలేం. 1985లో 52వ రాజ్యాంగ సవరణతో వచ్చిన పదో షెడ్యూలు పార్టీని వదిలిన ఎమ్మెల్యే, ఎంపీలకు, విప్, అంటే ఇలాగే ఓటు వేయాలన్న పార్టీ ఆదేశం, ధిక్కరించిన వాళ్లకు వర్తిస్తుంది. ఒకే పార్టీలో ఒక వర్గం నుంచి ఇంకో వర్గానికి వెళ్లడం దాని పరిధిలోకి రాదు. పైగా మీ నాయకుడు ప్రస్తుతం ఏ సభలోనూ సభ్యుడు కాదు. మండల స్థాయిలో ఎంపీపీ ఎన్నికప్పుడు ఎంపీటీసీలకు పార్టీ విప్ ఉంటుంది, ధిక్కరిస్తే పదవి పోతుంది. అదీ పార్టీ ఇచ్చే విప్పే, వర్గానికి విప్ అంటూ లేదు. సర్పంచ్ ఎన్నికలకైతే అసలు పార్టీ గుర్తులే ఉండవు. మన ఊళ్లలో ఒకే పార్టీలోని రెండు వర్గాలు బాహాటంగా కొట్టుకునేది ఆ ఎన్నికల్లోనే కావడానికి అదొక కారణం. మీ నాన్నగారి కేసు కూడా అక్కడే పుట్టింది కదా.

ఇక నాయకులు పాత ప్రత్యర్థి దగ్గరికి ఎందుకు వెళ్తారు? మన డెల్టాలో దీనికి పెద్ద ఉదాహరణ రాజమండ్రి గోరంట్ల బుచ్చయ్య చౌదరి గారు. 1994లో గెలిచి ఎన్టీఆర్ మంత్రివర్గంలో ఉన్నారు. 1995 ఆగస్టులో పార్టీ రెండుగా చీలినప్పుడు ఎమ్మెల్యేల్లో ఎక్కువమంది చంద్రబాబు వైపు వెళ్లిపోయారు. సెప్టెంబరు 1న చంద్రబాబు ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. బుచ్చయ్య చౌదరి ఎన్టీఆర్ వెంటే నిలబడ్డారు. 1996 జనవరి 18న ఎన్టీఆర్ పోయారు. ఆ తర్వాత ఆయన చంద్రబాబు నాయకత్వంలోని తెలుగుదేశంలోకి వచ్చి, 1999లో అదే పార్టీ టికెట్ మీద రాజమండ్రిలో గెలిచారు. 2014, 2019, 2024 ఎన్నికల్లో రాజమండ్రి రూరల్ నుంచి గెలిచారు. 2019లో రాష్ట్రమంతా పార్టీ కొట్టుకుపోయినప్పుడు కూడా ఆయన సీటు నిలిచింది.

ఆయన కథలో నేను చూసేది రెండు విషయాలు. ఒకటి, ఆయన చంద్రబాబు వైపు వచ్చినందుకు రాజమండ్రిలో ఆయన్ని ద్రోహి అన్నవాళ్లు నాకు పెద్దగా తగల్లేదు. కష్టకాలంలో ఎన్టీఆర్ పక్కన నిలబడిన సంగతి అందరికీ తెలుసు, తర్వాత వచ్చేటప్పుడు తన ఊరి కేడర్‌ను తనతోపాటే తెచ్చుకున్నారు. రెండోది కొంచెం చేదుగా ఉంటుంది. చంద్రబాబు మంత్రివర్గాల్లో ఆయనకు చోటు రాలేదు. 2017 విస్తరణలో పేరు లేనప్పుడు ఆ బాధ బహిరంగంగానే చెప్పుకున్నారు. 2024 జూన్‌లో ప్రొటెం స్పీకర్‌గా కొత్త సభ్యులందరి చేత ప్రమాణం చేయించింది ఆయనే, మంత్రివర్గంలో మాత్రం ఆయన లేరు. దీనికి కారణాలు చాలా ఉండొచ్చు, కులాల లెక్క, జిల్లాల లెక్క, మంత్రుల సంఖ్యకు ఉన్న పరిమితి. ఆంధ్రప్రదేశ్‌లో 175 మంది ఎమ్మెల్యేలకు ముఖ్యమంత్రితో కలిపి 26 మందికి మించి మంత్రులు ఉండటానికి వీల్లేదు. కారణం ఏదైనా, ఆలస్యంగా కలిసిన మనిషికి టికెట్ దొరకడం వేరు, లోపలి గదిలో కుర్చీ దొరకడం వేరు. మీ నాయకుడు రేపు ఏదో పెద్ద పదవి తెచ్చి మనందరికీ న్యాయం చేస్తాడని ఎవరైనా నాన్నగారితో అంటుంటే, ఆ మాట మీద లెక్కలు వేసుకోవద్దని చెప్పండి.

రామచంద్రపురం సంగతి ఇంకో రకం. పిల్లి సుభాష్ చంద్రబోస్, తోట త్రిమూర్తులు ఏళ్ల తరబడి ఒకరిమీద ఒకరు పోటీ చేసుకున్నారు. 2012 ఉపఎన్నికలోనూ 2014లోనూ బోస్ వైసీపీ తరఫున నిలబడితే త్రిమూర్తులు గెలిచారు, మొదటిసారి కాంగ్రెస్ నుంచి, రెండోసారి టీడీపీ నుంచి. 2019లో వైసీపీ బోస్‌ను మండపేటకు పంపి, రామచంద్రపురంలో చెల్లుబోయిన వేణుగోపాలకృష్ణను నిలబెట్టింది. వేణు గెలిచారు, త్రిమూర్తులు ఓడిపోయారు, మండపేటలో బోస్ కూడా ఓడిపోయారు. అదే ఏడాది సెప్టెంబరులో త్రిమూర్తులు వైసీపీలో చేరిపోయారు. అంటే ముగ్గురూ ఒకే పార్టీ! 2023 జులై వచ్చేసరికి బోస్ బహిరంగంగానే చెప్పారు, వేణుకు మళ్లీ టికెట్ ఇస్తే పార్టీలో ఉండనని, అవసరమైతే ఇండిపెండెంట్‌గా దిగుతానని. చివరికి 2024లో అధిష్టానం చేసిందేమిటంటే, వేణును రాజమండ్రి రూరల్‌కు, త్రిమూర్తులును మండపేటకు పంపి, రామచంద్రపురం బోస్ గారి అబ్బాయికి ఇచ్చింది. ముగ్గురూ ఓడిపోయారు.

అక్కడ అధిష్టానం వర్గాలను కలపలేదని గమనించండి, మనుషుల్ని తలో సీటుకు పంపింది. నాయకుడికి ఇంకో నియోజకవర్గం దొరుకుతుంది. కాజులూరు మండలంలోనో కె.గంగవరం మండలంలోనో ఆయన కోసం పక్కింటివాడితో మాటలు మానేసిన మనిషికి ఇంకో ఊరు దొరకదు కదా. అతను రేపు పొద్దున్న అదే కాలువ గట్టు మీద, అదే పక్కింటివాడి ఎదురుగా నడవాలి. నాకు ఈ విషయంలో నిజంగా కోపం ఉంది. పార్టీ ఆఫీసుల్లో సర్దుబాట్లు చేసే పెద్దలు ఈ మనిషి గురించి ఒక్క నిమిషం కూడా మాట్లాడరు.

పశ్చిమ గోదావరిలోని ఉండి నియోజకవర్గం ఉదాహరణ చిన్నగా చెప్పి ముందుకు వెళ్తాను. 2019లో నరసాపురం ఎంపీ సీటుకు వైసీపీ నుంచి రఘురామకృష్ణరాజు, టీడీపీ నుంచి ఉండి మాజీ ఎమ్మెల్యే వేటుకూరి శివరామరాజు పోటీపడ్డారు, రఘురామ గెలిచారు. 2024లో రఘురామ టీడీపీలోకి వచ్చారు. అప్పటికే సిట్టింగ్ ఎమ్మెల్యే మంతెన రామరాజుకు ప్రకటించిన ఉండి టికెట్ మార్చి రఘురామకు ఇచ్చారు. రామరాజు బాధపడినా పక్కకు తప్పుకున్నారు, ప్రభుత్వం వచ్చాక రాష్ట్ర పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థ (ఏపీఐఐసీ) ఛైర్మన్ అయ్యారు. శివరామరాజు ఎదురు నిలబడి ఓడిపోయారు. ఇద్దరిలో ఎవరు రైటు అని నేను చెప్పను, ఇద్దరి వెనకా బాధ ఉంది. కానీ చివరి నిమిషంలో ఎవరి చేతిలో బీ-ఫారం, అంటే ఈయనే మా అభ్యర్థి అని పార్టీ ఇచ్చే కాగితం, ఉంటే బలం వాళ్లదే. నామినేషన్ల ఆఖరి రోజు మధ్యాహ్నం 3 గంటల్లోపు రిటర్నింగ్ అధికారికి అందిన ఆ కాగితం ముందు ఇరవై ఏళ్ల సేవ కూడా నిలబడదు. ఇది మీ నాయకుడికి బాగా తెలుసు. ఆయన వెళ్లి శాలువా కప్పడంలో సగం కారణం ఇదే అయ్యుంటుంది.

మిగతా సగం కోనసీమకే ప్రత్యేకం. 2009 ఎన్నికల నుంచి అమలాపురం, రాజోలు, పి.గన్నవరం మూడూ ఎస్సీ రిజర్వుడు సీట్లు. అంతకుముందు అమలాపురం, రాజోలు జనరల్ సీట్లు. ఇక్కడ పెద్ద నాయకులు అనిపించుకున్న చాలామంది అప్పటినుంచి తాము పోటీ చేయలేరు. ఎమ్మెల్యే ఒకరు, మండలాల మీద పట్టున్నది ఇంకొకరు. అలాంటిచోట ఎమ్మెల్యేతో తగువు పెట్టుకున్న నాయకుడు ఏళ్లకేళ్లు నిలబడలేడు, ఎందుకంటే అతనికి సొంత టికెట్ అనే గమ్యం లేదు. నామినేటెడ్ పదవో, ఎమ్మెల్సీనో, మండలంలో తన మాట చెల్లడమో కావాలి. అవి ఎమ్మెల్యే సిఫారసు లేకుండా నడవడం కష్టం. మీ నియోజకవర్గం ఈ మూడింటిలో ఒకటైతే, ఆయన కదలికను ఈ లెక్కలో చూడండి. ఎమ్మెల్యేను తక్కువచేసి, పట్టున్న పెద్దమనిషిని ఎక్కువచేసి మాట్లాడే అలవాటు మనలో ఉంది, అది నాకు నచ్చదు. ఓట్లు వేసి గెలిపించింది ఆ ఎమ్మెల్యేనే. ఒక నాయకుడు కాస్త ఆలస్యంగానైనా ఆ గౌరవం ఇవ్వడానికి వెళ్లాడంటే, అందులో మంచి కూడా ఉంది.

ఇప్పుడు అసలు విషయం, మీ ఊరి విషయం.

పైన ఇద్దరూ కలిసినంత మాత్రాన కింద పదవులు రెట్టింపు కావు. ఉపాధి హామీ ఫీల్డ్ అసిస్టెంట్ ఊరికి ఒక్కరే. సొసైటీ త్రిసభ్య కమిటీలో ఛైర్మన్ ఒక్కరే. మార్కెట్ కమిటీలో, గుడి ట్రస్టు బోర్డులో మీ ఊరికి వచ్చేది ఒక్క పేరు, అదీ వస్తే. ఇన్నాళ్లూ రెండు వర్గాలున్నాయి కాబట్టి, అవతలివాడికి ఇచ్చారు, మనకు రేపు వస్తుంది అన్న ఆశైనా ఉండేది. రాజీ అయ్యాక ఆ ఒక్క పేరు కోసం ఇద్దరూ ఒకే గుమ్మం ముందు నిలబడాలి. అందుకే పైన రాజీ జరిగిన ఏడాదిలోనే కింద గొడవలు పెరగడం చాలాసార్లు చూశాను. నాన్నగారి బాధ వయసుతో వచ్చిన చాదస్తం అని మీ అన్నయ్య అంటున్నాడని రాశారు. అది చాదస్తం కాదు, ఆయనకు ఊరి లెక్క తెలుసు, అందుకే బాధ.

నిజంగా కలిశారా, ఫొటో కోసం కలిశారా అన్నది ఫ్లెక్సీల్లో కొంత తెలుస్తుంది. ఎమ్మెల్యే పుట్టినరోజు ఫ్లెక్సీలో మీ నాయకుడి ఫొటో ఎవరు వేయిస్తున్నారో చూడండి. ఆయన మనుషులే వేయిస్తుంటే పెద్ద విషయం లేదు. అవతలి వర్గం వాళ్లు తమ డబ్బులతో వేసిన ఫ్లెక్సీలో ఆయన ఫొటో ఉంటే అప్పుడు లెక్కలోకి తీసుకోవచ్చు. కార్తీక మాసం వనసమారాధనల్లో, కనుమనాడు ప్రభల తీర్థంలో ఎవరు ఎవరితో వచ్చారో కూడా చూస్తారు జనం. కానీ ఇవన్నీ పైపై గుర్తులే. నేను గట్టిగా నమ్మే గుర్తు మండలం. నియోజకవర్గంలో మూడో నాలుగో మండలాలుంటాయి. నిజమైన రాజీల్లో ఫలానా మండలం నువ్వు చూసుకో అనే మాట ఉంటుంది. ఎమ్మార్వో ఆఫీసులో, పోలీస్ స్టేషన్‌లో, విద్యుత్ ఏఈ దగ్గర ఆ మండలం వరకు ఆయన ఫోన్‌కు విలువ ఉంటుంది. అలాంటి మాట అయ్యుంటే రెండు నెలల్లో తెలిసిపోతుంది. ఒక రైతు ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయిందని ఆయనకు ఫోన్ చేస్తే, ఆయన నేరుగా ఏఈకి చేస్తున్నాడా, లేక ఎమ్మెల్యే పీఏకి చేసి ఎదురుచూస్తున్నాడా? రెండోదైతే ఆయన ఒప్పందమేమీ చేసుకోలేదు, లొంగిపోయాడు. అప్పుడు ఆయన్ని నమ్ముకున్నవాళ్లు తమ దారి తాము చూసుకోవాల్సిందే.

నాన్నగారు నీటి సంఘం అధ్యక్షులని రాశారు. ఆ విషయంలో టెన్షన్ వద్దు. 1997 చట్టం కింద ఏర్పడిన నీటి సంఘాలు ఆయకట్టు రైతులు ఎన్నుకునేవి, అది ఎమ్మెల్యే లెటర్ మీద వచ్చిన పదవి కాదు. 2024 డిసెంబరులో జరిగిన ఎన్నికల్లో ఆయన గెలిచారంటే అది ఊరు ఇచ్చిన గౌరవం. వర్గం మారినా, కలిసినా ఆ కుర్చీలో కూర్చుని పూడికతీత, షట్టర్లు, శివారు భూములకు నీళ్లు చూడటం ఆయన పని. మధ్య డెల్టా శివార్లలో డ్రెయిన్లు పూడిపోతే ఏమవుతుందో కోనసీమ రైతులు 2011లో చూశారు. ముంపు, గిట్టుబాటు లేని ధర, కూలీల కొరత అన్నీ కలిసి ఆ ఖరీఫ్‌కు పంట విరామం ప్రకటించారు, అంటే పంటే వేయలేదు. అప్పుడు ఏ వర్గం రైతు అని ఎవరూ అడగలేదు. నాన్నగారిని మళ్లీ బయటికి తీసుకురావాలంటే రాజకీయం మాట్లాడకండి, ఎక్కడో మురుగు కాలువ దగ్గర పని ఉందని తీసుకెళ్లండి.

ఇక కేసు. దీన్ని అన్నిటికంటే ముందు పట్టుకోండి. నాయకులు కలిశారు కదా, కేసులు అవే పోతాయి అని మీ ఊళ్లో అనుకుంటున్నారని రాశారు. పోవు. గొడవ 2021 ఫిబ్రవరిలో జరిగింది కాబట్టి ఐపీసీ సెక్షన్లే వర్తిస్తాయి, 2024 జులై 1 నుంచి వచ్చిన కొత్త చట్టం, భారతీయ న్యాయ సంహిత, కాదు. 323 అంటే మామూలు దెబ్బలు, 341 అంటే దారి అడ్డగించడం, 448 అంటే ఇంట్లోకి చొరబడటం. ఇవి రాజీకి వీలున్నవి, దెబ్బలు తిన్న మనిషి లేదా ఇంటి యజమాని ఒప్పుకుంటే లోక్ అదాలత్‌లో పూర్తి చేసుకోవచ్చు. జాతీయ లోక్ అదాలత్ ఏడాదికి నాలుగుసార్లు పెడతారు. 324 ఉంటే, అంటే కర్రో కత్తో వాడారని రాసి ఉంటే, అది కింది కోర్టులో రాజీ అయ్యేది కాదు. రెండు వైపులవాళ్లూ ఒప్పుకున్నా హైకోర్టులో పిటిషన్ వేసి కొట్టేయించుకోవాలి. దానికి లాయరు ఫీజు, అమరావతి ప్రయాణాలు ఉంటాయి. మీవాళ్లు పెట్టిన కౌంటర్ కేసు కూడా ఉందన్నారు. రెండూ ఒకే రోజు రాజీ అయ్యేలా చూసుకోండి. ఒకటి ముందు మూసేసి రెండోది తర్వాత చూద్దాం అంటే ఒప్పుకోవద్దు. ముందు సంతకం పెట్టినవాడు ఏళ్లపాటు రెండోవాడి దయ మీద బతకడం నాకు తెలుసు.

ఇక్కడే మీ నాయకుడిని అడగాల్సింది ఉంది. నాన్నగారు అలిగి కూర్చోవడం కన్నా, ఒకసారి ఆయన దగ్గరికి వెళ్లాలి. ఒంటరిగా వద్దు, ఆ కేసులో ఉన్న మిగతావాళ్లతో కలిసి. ఎందుకు వెళ్లారు అని అడగొద్దు, దానికి ఆయన దగ్గర రెడీగా సమాధానం ఉంటుంది. మా కేసుల గురించి అన్నయ్యగారితో మాట్లాడారా, అవతలి ఫిర్యాదుదారుణ్ని ఏ రోజు కూర్చోబెడతారు, ఫీజు ఎవరు పెట్టుకుంటారు, ఈ మూడూ అడగాలి. తేదీ చెప్పి, ఆ తేదీకి నిలబడితే నాన్నగారు ఆయనతో ఉండొచ్చు, ఎమ్మెల్యే మీటింగులకూ తలెత్తుకుని వెళ్లొచ్చు. చూద్దాం, చేద్దాం అని టీ ఇచ్చి పంపిస్తే, ఇరవై ఏళ్ల బంధం అక్కడితో పూర్తయిందని అనుకోవడంలో తప్పులేదు. అలాగని వెంటనే ఇంకో పార్టీ కండువా కప్పించుకోమని నేను చెప్పను. ఆ కోపంలో వెళ్లినవాళ్లకు అక్కడా మళ్లీ రెండు వర్గాలే ఎదురవుతాయి. నాన్నగారు ఊళ్లో ఎన్నికైన మనిషి, కొన్నాళ్లు ఎవరి మనిషీ కాకుండా ఉండగలరు.

ఎమ్మెల్యే వర్గం నుంచి మీ ఊళ్లో పెత్తనం చేసే వ్యక్తితో నేరుగా మాట్లాడొచ్చా అని అడిగారు. మాట్లాడొచ్చు, మాట్లాడాలి కూడా. ఆయనకూ అదే కౌంటర్ కేసులో వాయిదాలకు తిరగడం విసుగొచ్చి ఉంటుంది. ఊరి పెద్దల్లో ఇద్దరికీ మాట చెల్లేవాళ్లు ఒకరు ఉంటారు, రిటైరైన టీచరో, గుడి కమిటీలో పెద్దాయనో. వాళ్ల ద్వారా కబురు పంపండి. మీరు వెళ్లొద్దు, ఆడవాళ్ల ద్వారా రాయబారం వద్దు. పెద్దవాళ్లిద్దరూ కూర్చుంటేనే పరువు నిలుస్తుంది.

ఛార్జిషీటులో ఉన్న సెక్షన్లు, కౌంటర్ కేసులో ఉన్న సెక్షన్లు పేర్లు తీసేసి ఇక్కడ రాయండి. ఏది లోక్ అదాలత్‌కు వెళ్తుందో, దేనికి హైకోర్టు దాకా వెళ్లాలో విడివిడిగా చెప్తాను. వచ్చే లోక్ అదాలత్ తేదీ మీ మండల న్యాయ సేవల కమిటీ ఆఫీసులో, కోర్టు ఆవరణలోనే ఉంటుంది, రేపే కనుక్కోండి.